ఇంట్లో ఆక్సిజన్: కాన్సంట్రేటరా, సిలిండరా?

తీవ్రమైన వైరల్ న్యుమోనియా తగ్గాక, విశ్రాంతిలో కూడా రక్తంలో ఆక్సిజన్ 88 శాతం దాటకపోతే, వైద్యులు సాధారణంగా రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టుకోమంటారు. దానికి రెండు దారులు: నింపి తెచ్చుకునే సిలిండర్, లేదా గదిలోని గాలి నుంచే ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే కరెంటు యంత్రం, అంటే కాన్సంట్రేటర్.

ఖర్చు: నిమిషానికి 2 లీటర్ల చొప్పున వాడితే 1,500 లీటర్ల బి-టైపు సిలిండర్ పన్నెండున్నర గంటల్లోనే ఖాళీ అవుతుంది, అంటే ఒక్క రోజుకైనా చాలదు, 350 వాట్ల కాన్సంట్రేటర్‌కు 15 గంటలకు అయ్యే కరెంటు 5 యూనిట్ల పైచిలుకు.

శ్రమ: ములుగు వైపు పల్లె నుంచి వరంగల్ దాకా సిలిండర్ మోసుకెళ్లి నింపించడం కష్టం; యంత్రానికి ఫిల్టర్ శుభ్రం చేస్తూ ఉంటే చాలు, మోత మాత్రం భరించాలి.

ముప్పు: కరెంటు పోతే యంత్రం ఆగుతుంది; యంత్రానికైనా సిలిండర్‌కైనా బీడీ, పొయ్యి, అగరుబత్తి దూరంగా ఉండాలి.

నెలల తరబడి అవసరమైనవారు యంత్రాన్ని అద్దెకు తీసుకొని, గాలివాన రోజుల కోసం నిండు సిలిండర్ ఒకటి అట్టిపెట్టుకోవడమే మేలు. కొనడానికి తొందర వద్దు, ఎందుకంటే రెండు మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తే అవసరమే తీరిపోయి ఉండవచ్చు. కొద్ది రోజులకైతే సిలిండర్ చాలు.