ఇంటికీ నడుముకీ ఒకటే తుపాకీ: గ్లాక్ 19, పీ365, చిన్న రివాల్వర్... ఏది మేలు?

టెక్సస్‌లో గన్ షాపుకి వెళ్తే కౌంటర్ వెనకాయన మొదట అడిగేది ఒకటే: "ఇంటికా, క్యారీకా (ఒంటిమీద పెట్టుకు తిరగడానికా)?" మనవాళ్ళు చాలామంది ఠక్కున చెప్పే జవాబు "రెండిటికీ". చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఇంట్లో పెట్టుకునే పిస్టల్ కాస్త పెద్దగా, బరువుగా ఉంటేనే మంచిది. అదే పిస్టల్ చొక్కా కింద దాచుకుని పొద్దంతా తిరగాలంటే నరకం. చిన్నది కొంటే నడుము సుఖపడుతుంది, చెయ్యి బాధపడుతుంది. ఎక్కువగా వినబడే మూడింటిని ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను: గ్లాక్ 19, సిగ్ సావర్ పీ365, స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్. మధ్యలో నాలుగోది ఒకటి వస్తుంది.

తుపాకీ కంటే ముందు మీ వీసా సంగతి చూసుకోండి. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, అమ్మానాన్నలు వచ్చే బీ-2, వీటిలో దేనిమీద ఉన్నా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. షూటింగ్ రేంజ్‌లో అద్దెకి తీసుకుని నాలుగు రౌండ్లు (తూటాలు) కాల్చి రావడం కూడా ఉంచుకోవడం కిందకే వస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ ఆ లైసెన్సు గడువు తీరిపోతే బీరువాలో ఉన్న పిస్టలే నేరం అవుతుంది. శిక్ష 15 ఏళ్ళ దాకా ఉంది, ఆపైన దేశం నుంచి పంపించేసే ప్రమాదం. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఆ దారిన పోవద్దు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు కొనొచ్చు. షాపులో నింపే 4473 ఫారంలో పౌరసత్వం దగ్గర మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయాలి. తొందరలో అమెరికా పౌరుణ్ణని టిక్ పెట్టేస్తే, అది తర్వాత సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో మెడకి చుట్టుకుంటుంది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. మీరు సిటిజన్, ఈమధ్యే పెళ్ళయిన మీ భార్యది ఇంకా ఎఫ్-1 అనుకోండి. ఆవిడకి సేఫ్ కోడ్ తెలిసి ఉండటం కూడా ఇబ్బందే, తుపాకీ ఆవిడ అధీనంలోనూ ఉన్నట్టు లెక్కవేయొచ్చు. మీ ఇంట్లో ఉంటూ ఓపీటీ (చదువయ్యాక ఎఫ్-1 వాళ్ళకిచ్చే పని అనుమతి) మీద ఉద్యోగం వెతుక్కుంటున్న బావమరిదికీ అంతే. అంటే "నేను ఊళ్ళో లేనప్పుడు ఆమె వాడుకుంటుంది" అన్న లెక్క కొన్ని ఇళ్ళలో చట్టప్రకారమే కుదరదు.

ఇక అసలు పోటీ. గ్లాక్ 19 ది 1988 నాటి డిజైన్. 9 ఎంఎం తూటా, మ్యాగజైన్‌లో (పిడిలోకి దూర్చే తూటాల డబ్బీ) 15 రౌండ్లు, 4 అంగుళాల బ్యారెల్, నిండా లోడ్ చేస్తే 850 గ్రాముల దాకా బరువు. పీ365 వచ్చింది 2018లో. అంతవరకు ఆ సైజు పిస్టళ్ళలో ఆరేడు రౌండ్లు పడితే గొప్ప. సిగ్ వాళ్ళు మ్యాగజైన్ ఆకారం మార్చి అదే చోటులో 10 ఇరికించారు. బ్యారెల్ 3.1 అంగుళాలు, ఖాళీగా అర కేజీ. మొదట వచ్చినవాటిలో తూటాని తట్టి పేల్చే ఫైరింగ్ పిన్ ఇబ్బందులు బయటపడ్డాయి, తర్వాత సర్దుకున్నాయి. అందుకే సెకండ్ హ్యాండ్‌లో తొలి ఏడాది సరుకు చవగ్గా దొరికినా నేనైతే తీసుకోను.

9 ఎంఎం చాలదేమో, ఇంకా లావు తూటా .45 కావాలేమో అన్న బెంగ అక్కర్లేదు. 1986లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయిన మయామీ కాల్పుల తర్వాత ఎఫ్‌బీఐ 9 ఎంఎంని వదిలి 10 ఎంఎంకి, అక్కణ్ణుంచి .40కి వెళ్ళింది. తిరిగి తిరిగి 2016లో గ్లాక్‌తో ఒప్పందం చేసుకుని 9 ఎంఎంకే వచ్చింది. తూటాలు మెరుగయ్యాయి, చిన్న తూటాతో మనుషులు బాగా కాలుస్తారు, అంతే కారణం.

రెండూ కాల్చి చూస్తే తేడా మొదటి మ్యాగజైన్‌లోనే తెలుస్తుంది. పీ365ని మామూలు మ్యాగజైన్‌తో పట్టుకుంటే ఓ మాదిరి పెద్ద చేతికి చిటికెన వేలు గాల్లో వేలాడుతుంది. ఆ ఒక్క వేలికి పట్టు లేకపోవడం వల్ల ప్రతి రౌండుకీ పిస్టల్ అరచేతిలో కొంచెం కదులుతుంది, కదిలినప్పుడల్లా పట్టు సర్దుకోవాలి. మూడు గజాల్లో ఏ తేడా ఉండదు. టెక్సస్ ఎల్‌టీసీ (తుపాకీ పెట్టుకు తిరిగే లైసెన్సు) పరీక్షలో లాగా 7, 15 గజాలకి వెళ్ళేసరికి గ్లాక్ గుంపుగా కొడుతుంటే పీ365 కాగితమంతా చల్లుతుంది. బాగా సాధన ఉన్నవాళ్ళకి ఈ తేడా తగ్గుతుంది. కానీ రెండు నెలలకోసారి రేంజ్‌కి వెళ్ళే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి తగ్గదు.

మరి నడుము మీద? ఆగస్టులో డాలస్ ఎండకి టీషర్టు, షార్ట్స్ తప్ప ఇంకేం వేసుకోలేం. గ్లాక్ 19 పెట్టుకుని కింది అరలో ఉన్న సోనా మసూరి బస్తా తీయడానికి వంగితే వెనక నుంచి పిస్టల్ పిడి చొక్కాని పొడుచుకుని కనిపిస్తుంది. దాచడానికి అడ్డొచ్చేది బ్యారెల్ పొడవనుకుంటారు. కాదు, పిడి పొడవు. బ్యారెల్ ప్యాంటు లోపలికి పోతుంది, పిడే బయట ఉంటుంది. పీ365 పిడి పొట్టిది, పలచన. నిజంగా రోజూ పెట్టుకునేవాళ్ళు ఇటు మొగ్గడానికి కారణం ఇదే. ఈ రెండిటికీ మధ్యేమార్గంగా పీ365 ఎక్స్‌ఎల్ ఉంది: 12 రౌండ్లు, 3.7 అంగుళాల బ్యారెల్, చిటికెన వేలికి చోటు.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. "రెండిటికీ" అని కొన్న మనవాళ్ళలో రోజూ పెట్టుకు తిరిగేవాళ్ళు తక్కువ. ఆఫీసుల్లో కంపెనీ ఒప్పుకోదు. పిల్లల్ని దింపడానికి స్కూలుకి వెళ్ళాలి, లోపలికి తీసుకెళ్ళడం నేరం. గుడి వాళ్ళు 30.06 బోర్డు (లైసెన్సున్నా తుపాకీ దాచుకుని లోపలికి రావద్దనే టెక్సస్ నోటీసు) పెడితే అక్కడా కుదరదు. చివరికి అది కారులో వదిలేసే వస్తువైపోతుంది, అద్దం పగిలితే దొంగ పాలు. మీ జీవితం ఇలాంటిదైతే ఇంటికే అని ఒప్పుకుని గ్లాక్ 19 సైజు తీసుకోండి. స్మిత్ అండ్ వెసన్ ఎంఅండ్‌పీ లాంటివి అదే సైజులో ఉన్నాయి, చేతికి ఏది కుదిరితే అది. గ్యాస్ స్టేషన్, లిక్కర్ షాపు, మోటెల్ నడుపుతూ రాత్రి డబ్బు సంచితో షట్టర్ దించేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళది నిజమైన క్యారీ. వాళ్ళకి ఎక్స్‌ఎల్.

2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో అర్హత ఉన్నవాళ్ళు లైసెన్సు లేకుండానే పెట్టుకోవచ్చు. అయినా ఎల్‌టీసీ తీసుకోమనే అంటాను. స్కూలు చుట్టూ వెయ్యి అడుగుల ఫెడరల్ జోన్‌లో లోడ్ చేసిన తుపాకీ ఒంటిమీద పెట్టుకుని రోడ్డు మీద వెళ్ళడానికి మామూలు మనుషుల్లో మినహాయింపు దొరికేది రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్ళకే. మన సబర్బుల్లో స్కూలు పక్కనుంచి వెళ్ళని రోడ్డేది?

న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో మాత్రం పైన చెప్పిన లెక్క కొంత మారిపోతుంది. అక్కడ మ్యాగజైన్‌లో 10కి మించకూడదు. గ్లాక్ 19 పెద్ద పిడి మోస్తూ కూడా 10 రౌండ్లే అయితే, అదే పది పట్టే సన్నటి పిస్టల్‌కి బలం పెరుగుతుంది. అయినా ఇంటికే అనుకుంటే పెద్ద పిడి పట్టు ఎక్కడికీ పోదు.

ఇక రివాల్వర్. గన్ షాపులో భార్యాభర్తలు నిలబడితే కౌంటర్ ఆయన ఆవిడ వైపు తిరిగి చిన్న 642 ఒకటి తీసి పెట్టడం మామూలు. "ఏ ఇబ్బందీ ఉండదమ్మా, నొక్కితే పేలుతుంది" అన్న ధోరణి. మన పెద్దవాళ్ళూ రివాల్వరే అంటారు. ఇండియాలో 9 ఎంఎం ప్రొహిబిటెడ్ బోర్ (మామూలు జనానికి లైసెన్సు ఇవ్వని రకం) కాబట్టి లైసెన్సున్న మామూలు మనిషి .32 రివాల్వర్‌తోనే సరిపెట్టుకున్నాడు, ఆ అలవాటు కావొచ్చు. కానీ కొత్తవాళ్ళ చేతికి ఇచ్చే తుపాకుల్లో ఇంతకంటే కష్టమైనది ఇంకోటి లేదు.

642 బరువు 415 గ్రాములు. దాని ట్రిగ్గర్ వెనక్కి రావడానికి కావలసిన బలం సుమారు 12 పౌండ్లు, అంటే ఐదున్నర కేజీలు. తుపాకీ బరువుకి పది రెట్లు పైన. ఒక చేత్తో దాన్ని నిశ్చలంగా పట్టుకుని, అదే చేతి వేలితో అంత బలం పెట్టి, పొడుగ్గా వెనక్కి లాగాలి. ట్రిగ్గర్ సగం దూరం వచ్చేసరికి ముందున్న, గురి చూసే సైట్ వణకడం కళ్ళకి కనబడుతుంది. పేలాక ఆ కాస్త బరువున్న ఫ్రేము బొటనవేలి మొదట్లో తంతుంది. ఐదు రౌండ్లు అయ్యేసరికి చాలామంది ఇక చాలని కింద పెట్టేస్తారు. సాధన చేయబుద్ధి కాని తుపాకీ అది. గ్లాక్ ట్రిగ్గర్ ఇందులో సగం. ఐదు అయిపోయాక సిలిండర్ తెరిచి మళ్ళీ నింపడం చీకట్లో, చేతులు వణుకుతుంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

దాని మంచీ చెప్పాలి. ప్యాంటు జేబులో పడుతుంది. ఒంటికి ఆనించి పేల్చినా, పిస్టల్‌కి పైన వెనక్కీ ముందుకీ కదిలే స్లైడ్ ఇరుక్కుపోయినట్టు ఇరుక్కుపోవడం ఉండదు. పట్టు సరిగా లేకపోతే పిస్టల్ జామ్ అవుతుంది, రివాల్వర్ అవదు. ఏళ్ళ తరబడి కాల్చిన మనిషికి రెండో తుపాకీగా అది మంచి సరుకు. మొదటిదిగా వద్దు.

"స్లైడ్ లాగలేకపోతున్నా" అన్నవాళ్ళకి కదా రివాల్వర్ ఇస్తున్నది? దానికి నాలుగోది: స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ. .380లో 2018లో, 9 ఎంఎంలో 2020లో వచ్చింది. స్ప్రింగ్ మెత్తన, స్లైడ్ సులువుగా వస్తుంది, మ్యాగజైన్‌లో 8 రౌండ్లు. 9 ఎంఎం రకానికి 2020 చివర్లో హ్యామర్ లోపం వల్ల రీకాల్ వచ్చింది, పాతది కొంటే సీరియల్ నంబరు కంపెనీ సైట్‌లో చూసుకోండి. కీళ్ళ నొప్పులున్నవాళ్ళకి, చేతిలో బలం తక్కువున్నవాళ్ళకి ఇది నిజంగా మేలు. అయితే మిగతావాళ్ళు దీనికి పోయే ముందు ఒక పని చేయండి: స్లైడ్‌ని గిల్లినట్టు రెండు వేళ్ళతో కాకుండా పై నుంచి అరచేతితో గుప్పిట పట్టి, దాన్ని అలాగే ఉంచి, కుడిచేత్తో పిస్టల్‌ని గట్టిగా ముందుకు తోయండి, మూతి అవతలి గోడ వైపే ఉండాలి. లాగడం రాదన్నవాళ్ళలో చాలామందికి వచ్చేస్తుంది.

ఆడవాళ్ళకి అసలు సమస్య ఇంకొకటి, బెల్టు. చుడీదార్‌కీ చీరకీ హోల్‌స్టర్ తగిలించే చోటు లేదు. హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంటే తాళాల గుత్తి ట్రిగ్గర్‌లోకి దూరొచ్చు, షాపింగ్ కార్ట్‌లో కూర్చున్న పిల్లాడి చెయ్యి కూడా. పలచటి బట్టకి పనికొచ్చే బెల్లీ బ్యాండ్‌లు ఉన్నాయి, కానీ ట్రిగ్గర్ చుట్టూ గట్టి ప్లాస్టిక్ తొడుగు ఉన్నదే కొనాలి. గ్లాక్‌కి విడిగా నొక్కే సేఫ్టీ మీట ఉండదు కాబట్టి దానికి ఇది మరీ ముఖ్యం. పీ365లో మీట ఉన్న రకం అడిగితే ఇస్తారు, కొత్తవాళ్ళకి అది మనశ్శాంతి.

ఇంటి లోపల ఇంకో లెక్క ఉంది. మన ఊళ్ళో ఇటుక గోడ వెనక ఉంటే ధీమాగా ఉంటాం. ఇక్కడి గోడ అంటే కర్ర చట్రానికి అటూ ఇటూ జిప్సం బోర్డు. హాల్లో పేల్చిన 9 ఎంఎం ఆ గోడ దాటి పిల్లల గదిలోకి వెళ్ళగలదు, తగిలాక విచ్చుకునే హాలో పాయింట్ తూటా అయినా సరే. అందుకే అర్ధరాత్రి చప్పుడైతే పిస్టల్ పట్టుకుని ఇల్లంతా వెతకడం పిచ్చి పని. అందర్నీ ఒక గదిలోకి చేర్చి, తలుపేసి, 911కి ఫోన్ చేసి, తలుపు వైపు చూస్తూ కూర్చోవాలి. ఆ పనికి షాట్‌గన్ బలమైనదే, కాకపోతే రెండు చేతులూ దానికే సరి. పాపని ఎత్తుకోవాలి, ఫోన్ పట్టుకోవాలి. పిస్టల్‌కి తగిలించే లైటు బాగుంటుంది గానీ, దానితో వచ్చిందెవరో చూడాలంటే మూతి వాళ్ళ వైపు తిప్పాల్సిందే. ఆ వచ్చింది మంచినీళ్ళకి లేచిన నాన్నగారు కావచ్చు. చేతి టార్చి విడిగా ఉంచుకోండి.

ఆ నాన్నగారూ అమ్మగారూ వచ్చి ఆరు నెలలుంటారు. అత్తగారు వచ్చిన వారంలో బీరువాలు, సొరుగులు అన్నీ సర్దేస్తారు. దుప్పట్ల కింద దాచడం, పై అరలో పెట్టడం అసలు దాపరికం కిందకే రాదు. మంచం పక్కన బోల్టుతో బిగించిన, బొత్తాలు నొక్కితే తెరుచుకునే చిన్న స్టీల్ సేఫ్ కావాలి. వేలిముద్ర ఉన్నవి తడి చేతికి మొరాయిస్తాయి. టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లలకి లోడ్ చేసిన తుపాకీ అందితే పెద్దవాళ్ళ మీద కేసు.

డబ్బు లెక్కలో గ్లాక్ 19, పీ365 రెండూ కొత్తవి 500 నుంచి 600 డాలర్ల మధ్య ఉంటాయి, 642 కొంచెం తక్కువ. కానీ 642లో వేసే .38 రౌండ్లు 9 ఎంఎం కంటే బాగా ఖరీదు, .380 కూడా. సంవత్సరం తిరిగేసరికి ఆ మిగులంతా తూటాల్లో పోతుంది. పోలీసు శాఖలు మార్చేసిన పాత గ్లాక్‌లు చవగ్గా దొరుకుతాయి. పైన గీతలుంటాయి, లోపల చాలావరకు బాగానే ఉంటాయి. మిగిలిన డబ్బు సేఫ్‌కీ, క్లాసుకీ పెట్టండి. కొనే ముందు రెండు మూడు రకాలు రేంజ్‌లో అద్దెకి తీసుకుని ఒక్కో దానితో డబ్బా రౌండ్లు కాల్చండి, ముందు పది కాకుండా చెయ్యి అలిసిపోయాక కాల్చిన చివరి పది ఎక్కడ పడ్డాయో చూసి తేల్చుకోండి.