‘180 రోజుల ఫైర్‌వాల్ లాగులు’ అన్న హామీ చూసి సర్వర్ తీసుకునేవారికి హెచ్చరిక

మా చిన్న కార్యాలయం కోసం ఒక సంస్థ నుంచి ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే సర్వర్‌ను నిర్వహణతో సహా, ఏడాది రుసుము ముందే చెల్లించి తీసుకున్నాము. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం లాగులను, అంటే వ్యవస్థ దానంతట అదే రాసుకునే నమోదులను, 180 రోజుల పాటు భద్రపరచవలసి ఉన్నందున, ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలను వడపోసే రక్షణ) లాగులు అన్ని రోజులూ నిల్వ ఉంటాయన్న హామీ చూసే ఆ ప్యాకేజీని ఎంచుకున్నాము.

ఏడు నెలలు దాటాక డిస్కు నిండి మెయిల్ ఆగిపోయింది. ఖాళీ లేదని, డిస్కు మొత్తం వాడకాన్ని చూపే డీఎఫ్ కమాండ్ చెబుతోంది; ఫోల్డర్ల పరిమాణాన్ని కూడే డీయూ కమాండ్‌తో అన్నీ లెక్కిస్తే అందులో సగం కూడా తేలలేదు. సహాయ విభాగం వారు సర్వర్‌ను రీబూట్ చేయగానే స్థలం తిరిగి వచ్చింది, ఫిర్యాదు ముగిసింది. ఆ స్థలం ఎక్కడి నుంచి వచ్చిందని అప్పుడే అడగకపోవడం నా పొరపాటు.

కొద్ది రోజులకు, రెండు నెలల కిందటి ఒక ఐపీ చిరునామా జాడ కోసం పాత లాగులు తెరిచాను. ఫైళ్లు సరిగ్గా 180 ఉన్నాయి. ఆ కాలపు వాటిలో ఒక్కదానినీ, నెట్‌వర్క్‌లో వచ్చిపోయే డేటా ముక్కల (ప్యాకెట్ల) నమోదులను చదివే టీసీపీడంప్ చదవలేకపోయింది. కుదింపు విప్పి చూస్తే, లాగు మారిందని న్యూసిస్‌లాగ్ (పాత లాగును పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టే ప్రోగ్రామ్) రాసుకున్న వాక్యం తప్ప ఒక్క ప్యాకెట్టూ లేదు.

కారణం న్యూసిస్‌లాగ్ అమరికలోని ఒకే ఒక వరుస. ఫైర్‌వాల్ లాగు ఉండే పీఎఫ్‌లాగ్ మామూలు అక్షరాల ఫైలు కాదు, బైనరీ ఫైలు కనుక ఆ వరుసలో ‘బి’ అనే గుర్తు ఉండాలి, లేకపోతే న్యూసిస్‌లాగ్ అందులో మామూలు వాక్యం రాసేస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ లాగును రాసే పీఎఫ్‌లాగ్‌డీ ప్రోగ్రామ్ పీఐడీ ఫైలు (దాని గుర్తింపు సంఖ్య ఉండే ఫైలు) పేరు కూడా ఇవ్వాలి. అది ఇవ్వనందున ఫైలు మారిందన్న సంకేతం మామూలు లాగులు రాసే సిస్‌లాగ్‌డీకి వెళ్లింది. పీఎఫ్‌లాగ్‌డీ మాత్రం కుదించి తొలగించిన పాత ఫైలులోనే నెలల తరబడి రాస్తూ పోయింది. పేరు తొలగినా తెరిచే ఉన్న ఆ ఫైలే డిస్కును నింపింది. రీబూట్‌తో పోయింది కూడా అదే, అంటే మా అసలు లాగులన్నీ.

కాబట్టి డబ్బు కట్టే ముందే ఆ వరుసను చూపించమని అడగండి. న్యూసిస్‌లాగ్‌ను మైనస్ ఎన్‌వి (-nv) ఆప్షన్‌తో నడిపితే ఏదీ మార్చకుండా ఏం చేయబోతుందో చెబుతుంది, కానీ అది సరిపోదు. మొదటి వారంలోనే ఒక పాత ఫైలును టీసీపీడంప్ మైనస్ ఆర్ (-r)తో మీరే చదివి చూడండి. డీఎఫ్, డీయూ లెక్కలు కలవకపోతే, తెరిచి ఉన్న ఫైళ్లను ఎఫ్‌స్టాట్ కమాండ్‌తో చూసేదాకా ఎవరినీ రీబూట్ చేయనివ్వకండి.

రుసుము వెనక్కి అడిగితే, ఒప్పందంలో ‘180 దినసరి లాగు ఫైళ్లు’ అని ఉందని, ఫైళ్లు 180 ఉన్నాయని ఆ సంస్థ సమాధానం ఇచ్చింది.