ఇంటెల్ ఐ350-టీ4: నాలుగు పోర్టుల కార్డును ఏళ్ల తరబడి వాడాక

మా ఆఫీసులో వర్చువల్ మెషిన్లు నడిపే రెండు సర్వర్లలోనూ ఈ నెట్‌వర్క్ కార్డులే ఉన్నాయి. ఏళ్లుగా రాత్రీ పగలూ నడుస్తున్నాయి. కార్డును నడిపే ఐజీబీ డ్రైవర్ లినక్స్ కెర్నల్‌లోనే ఉంటుంది కాబట్టి అప్‌డేట్ చేసిన ప్రతిసారీ నెట్‌వర్క్ వస్తుందా రాదా అన్న టెన్షన్ లేదు. ఆ ఒక్కదానికే ఈ కార్డంటే నాకు గౌరవం.

కొనేవాళ్లలో చాలామంది ఒక్కో గిగాబిట్ ఉన్న నాలుగు పోర్టులూ బాండ్ చేస్తే, అంటే ఒకటిగా కలిపితే, నాలుగు గిగాబిట్ల స్పీడు వస్తుందనుకుంటారు. రాదు. పోర్టులను అలా కలిపే ఎల్ఏసీపీ పద్ధతిలో ఒక కనెక్షన్ ఒక పోర్టు మీదే వెళ్తుంది, అందుకే ఒక పెద్ద ఫైలు కాపీ పెడితే సెకనుకు 110 మెగాబైట్లు దాటి కాస్త పైకెళ్లి అక్కడే ఆగిపోతుంది. చాలా మెషిన్లు ఒకేసారి లాగుతున్నప్పుడే లాభం. అప్పుడు కూడా లినక్స్ బాండింగ్‌లో హ్యాష్ పాలసీ (ఏ ట్రాఫిక్ ఏ పోర్టు మీద వెళ్లాలో తేల్చే నియమం) డిఫాల్ట్‌గా లేయర్ 2లో ఉంటుంది, మ్యాక్ అడ్రసులు, అంటే కార్డుల హార్డ్‌వేర్ అడ్రసులు చూసే పంచుతుంది. రౌటర్ అవతలికి వెళ్లే ట్రాఫిక్‌కంతా అవతలి మ్యాక్ ఒకటే కాబట్టి మొత్తం ఒకే కేబుల్ మీద పడుతుంది. ఐపీ అడ్రసులూ, ప్రోగ్రాములు వాడే పోర్టు నంబర్లూ (కార్డు మీది పోర్టులు కావు) చూసే లేయర్ 3+4కి మార్చాక మాకు నాలుగు పోర్టుల మీదా సర్దుకుంది. లోపలికొచ్చే ట్రాఫిక్‌ను పంచేది మాత్రం స్విచ్, దాన్ని అక్కడే సెట్ చేసుకోవాలి.

నన్నడిగితే ఈ కార్డు బలమంతా క్యూలలో, అంటే ప్యాకెట్లు నిలబడే వరుసల్లో ఉంది. పోర్టుకు 8 క్యూలు, ఆర్ఎస్ఎస్ అనే ఫీచర్ వాటి ద్వారా ప్యాకెట్లను ప్రాసెసర్‌లోని వేర్వేరు కోర్లకు పంచుతుంది. గిగాబిట్ లైను నిండా 1500 బైట్ల ప్యాకెట్లొస్తే సెకనుకు 81 వేలు, అదే 64 బైట్లవైతే 14.88 లక్షలు. కాబట్టి ప్రాసెసర్‌ను అలసిపోయేలా చేసేది పెద్ద ఫైళ్లు కాదు, చిన్న ప్యాకెట్లు. మా వాయిస్ ట్రాఫిక్ అంతా ఒకే గేట్‌వే నుంచి ఒకే సర్వర్‌కి వస్తుంది. ఏ క్యూ ప్రాసెసర్‌ను ఎన్నిసార్లు పిలిచిందో చూపే ఇంటరప్టుల పట్టిక తెరిచి చూస్తే టీఎక్స్‌ఆర్‌ఎక్స్-0 నుంచి 7 దాకా ఎనిమిది వరుసల్లో ఒక్క దానిలోనే అంకెలు పరుగెడుతున్నాయి, మిగతావి దాదాపు కదలడం లేదు. కారణమేంటంటే ఐజీబీ మా వాయిస్ వాడే యూడీపీ ప్రోటోకాల్‌కి డిఫాల్ట్‌గా ఐపీ అడ్రసులే చూస్తుంది, పోర్టు నంబర్లు చూడదు. ఈథ్‌టూల్ అనే కమాండుతో యూడీపీ ఫ్లో హ్యాష్‌ను ఎస్‌డీఎఫ్ఎన్ (ఐపీ అడ్రసులూ పోర్టు నంబర్లూ రెండూ చూడమని) అని పెట్టాక కాల్స్ అన్ని క్యూలకూ పంచుకుపోయాయి, రద్దీ వేళల్లో వినిపించే గొంతు తెగడం ఆగింది. ఫ్రాగ్మెంట్ అయ్యే, అంటే ముక్కలుగా విడిపోయే యూడీపీ ఉన్నచోట మాత్రం ప్యాకెట్ల వరుస తప్పే అవకాశం ఉంది, చూసి పెట్టండి.

రెండోది రింగ్ బఫర్, వచ్చిన ప్యాకెట్లు ప్రాసెసర్ తీసుకునేదాకా ఆగే చోటు. డిఫాల్ట్ 256, గరిష్ఠం 4096. రాత్రి బ్యాకప్ మొదలవగానే ఆర్ఎక్స్ నో బఫర్ కౌంటర్ (వచ్చే ప్యాకెట్లకు చోటు దొరకని లెక్క) పెరుగుతుంటే మేం 2048 పెట్టాం, ఆ తర్వాత అది కదల్లేదు. మార్చేటప్పుడు లింక్ ఒక్కసారి పడి లేస్తుంది కాబట్టి పని వేళల్లో ముట్టుకోవద్దు. రీబూట్ అయితే మళ్లీ 256కే వస్తుంది, అందుకని బూట్ స్క్రిప్టులో రాసి పెట్టుకోవాలి.

ఒక పోర్టును వర్చువల్ మెషిన్లకు నేరుగా పంచే ఎస్ఆర్-ఐఓవీ కూడా ఉంది, లినక్స్‌లో పోర్టుకు 7 వర్చువల్ ఫంక్షన్ల (అలా పంచిన భాగాల) దాకా ఇస్తుంది. ఒకటి ఫైర్‌వాల్ మెషిన్‌కి ఇచ్చాం, హోస్ట్ మీద లోడ్ బాగా తగ్గింది. కానీ ఆ మెషిన్‌ను నడుస్తుండగా ఇంకో సర్వర్‌కి మార్చడం కష్టం, అది తెలిసే ఇవ్వాలి.

ఈఈఈ అనే కరెంటు పొదుపు ఫీచర్ మా పాత స్విచ్‌తో పడలేదు, లింక్ అప్పుడప్పుడూ పడి లేచేది. ఆఫ్ చేశాక మళ్లీ రాలేదు. లావు రబ్బరు తొడుగున్న కేబుళ్లు కూడా వద్దు, నాలుగు పోర్టులూ ఆనుకుని ఉంటాయి, మధ్య కేబుల్ క్లిప్పు నొక్కాలంటే వేలు దూరదు.

ఒకే కాపీ వేగంగా జరగాలనుకునేవాళ్లు దీని జోలికి రావద్దు, స్విచ్‌లో 10 గిగాబిట్ పోర్టు ఉంటే ఇంటెల్ ఎక్స్550-టీ2 లాంటిది చూసుకోండి. ఐ350 తీసుకునేవాళ్లు నకిలీలతో జాగ్రత్త. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర చవగ్గా తెప్పించిన కార్డు మాకు లోడ్ పడగానే లింక్ వదిలేసేది, వాపసు ఇచ్చేశాం. అప్పట్నుంచి పాత సర్వర్లలోంచి తీసిన హెచ్‌పీ 366టీ కార్డులు తీసుకుంటున్నాం, వాటిలో ఉన్నది ఈ ఐ350 చిప్పే.