కీమో బాగానే ఇస్తారు, రాత్రి జ్వరం వస్తేనే తిప్పలు (3/5)

హాస్పిటల్ పేరు రాయట్లేదు, అమ్మ క్యాన్సర్ ట్రీట్‌మెంట్ ఇంకా అక్కడే నడుస్తోంది. హైదరాబాద్‌లో పెద్ద ప్రైవేట్ హాస్పిటలే. కీమో ఇచ్చి అదే రోజు ఇంటికి పంపే డేకేర్‌కి వంక పెట్టలేం, సిస్టర్లు పోర్ట్‌కి (మందు ఎక్కించడానికి చర్మం కింద పెట్టిన చిన్న పరికరం) సూది గుచ్చేటప్పుడు కూడా అమ్మని కబుర్లలో పెట్టేస్తారు. నా గొడవంతా వాళ్ల 24 గంటల హెల్ప్‌లైన్‌తో, ఎమర్జెన్సీ కౌంటర్‌తో.

జ్వరం 100.4 దాటితే వెంటనే రండి అని డిశ్చార్జ్ పేపర్ మీద పెన్నుతో సున్నా చుట్టి మరీ ఇచ్చింది వాళ్లే. కీమో అయ్యాక వారం నుంచి రెండు వారాల మధ్య ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోతాయి, అప్పుడొచ్చే జ్వరానికి హాస్పిటల్‌లో అడుగుపెట్టిన గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కించాలి. సరిగ్గా ఆ టైంలోనే అమ్మకి రాత్రిపూట 101 చూపించింది. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఎత్తినాయన యూహెచ్ఐడీ (హాస్పిటల్ వాళ్లిచ్చే పేషెంట్ నంబర్) ఎంత, ఏ డాక్టరు, ఇన్సూరెన్సా క్యాషా అని అన్నీ అడిగి చివరికి డోలో వేసి పొద్దున ఓపీకి తీసుకురండి అన్నాడు! డోలోకి జ్వరం దిగుతుంది సరే, లోపలున్న ఇన్ఫెక్షన్ ఎక్కడికి పోతుంది?

మాది సూర్యాపేట. దగ్గర్లో నర్సింగ్ హోమ్‌కి వెళ్తే కీమో పేషెంట్ అనగానే మావల్ల కాదు సిటీకి పొండి అన్నారు, ఒక్క డోసు యాంటీబయాటిక్ వేసి పంపినా ఎంతో నయంగా ఉండేది. 108 వాళ్లు దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి చేరుస్తారు గానీ మనం అడిగిన చోటికి సిటీ దాకా రారు కదా, బాబాయి కారు తీశాడు, 130 కిలోమీటర్లు.

తీరా వెళ్తే ముందు డిపాజిట్ కట్టి రమ్మన్నారు. అమ్మ కూర్చుని మాట్లాడుతోంది, బీపీ బాగుంది, అంటే స్టేబుల్ అంట, పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు, అవతల ఒకాయన ఆగకుండా దగ్గుతున్నాడు. ఈ పేషెంట్లు పైకి బాగానే కనిపిస్తారండీ, అదే ప్రమాదం. ఆ దారిన పోతున్న ఒక సిస్టర్ అమ్మ తలకి కట్టిన స్కార్ఫ్ చూసి ఆగి, "కీమో ఎప్పుడైందమ్మా?" అని అడిగి వెంటనే లోపలికి తీసుకెళ్లింది. ఏ క్రిమి ఉందో చూసే కల్చర్ టెస్టుకి బ్లడ్ తీసి, రక్తకణాలు లెక్కపెట్టే సీబీసీ రిపోర్ట్ కోసం కూడా ఆగకుండా మందు ఎక్కించారు. తర్వాత చూస్తే న్యూట్రోఫిల్స్ (తెల్లకణాల్లో ఒక రకం) 500 లోపే ఉన్నాయి, అంటే బాగా తక్కువ.

ఈ 3 స్టార్లూ ఆ సిస్టర్‌కి, డేకేర్‌కి. తర్వాతి విడత కీమోకి వెళ్లినప్పుడు గట్టిగా అడిగితే ఆంకాలజీ (క్యాన్సర్ విభాగం) డ్యూటీ డాక్టర్ నంబర్, కీమో తేదీ రాసిన లెటర్ ఇచ్చారు. అడక్కుండా ఇవ్వరు, మొదటి రోజే అడిగి తీసుకోండి.