చేత్తో చేసే ఫొటో పుస్తకం: కుట్టు మేలా, మడత మేలా?

ఈ మధ్య ఎవరు కలిసినా ఇదే అడుగుతున్నారు, నోటుబుక్‌లా మధ్యలో కుట్టాలా, పొడుగు కాగితాన్ని విసనకర్రలా అటొకటి ఇటొకటి మడిచే అకార్డియన్ మడత పెట్టాలా అని. మొన్ననే రెండూ చేసి చూశా కాబట్టి చెప్తున్నా. అమ్మమ్మ వాళ్ల పెంకుటిల్లు పడగొట్టే ముందు తీసిన ఫొటోలు మూడొందల దాకా ఉంటే ఏరి ఏరి పద్నాలుగు మిగిల్చా.

అందరూ ఏది అందంగా ఉంటుందా అని చూస్తారు గానీ, నా లెక్కలో అసలు సంగతి పేజీ తిప్పడం. కుట్టిన పుస్తకంలో తర్వాతి ఫొటో చూడాలంటే తిప్పి తీరాలి. మూసి ఉన్న వీధి తలుపుని 5వ పేజీలో, అంటే కుడివైపు పెట్టా, తిప్పగానే 6లో మండువా, మధ్యలో ఎండ. తలుపు మనమే తోసినట్టుంటుంది. తర్వాత తెలివి ఎక్కువై మొదట్లో ఒక టైటిల్ పేజీ చేర్చా, అంతే, అన్నీ ఒక్కో పేజీ జరిగిపోయి తలుపూ మండువా 6, 7లో ఎదురెదురుగా కూర్చున్నాయి. ఇంక తియ్యడానికి తలుపేది?

కుట్టుతో తలనొప్పి ఏంటంటే పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి. ఒక్కో కాగితం సగానికి మడిస్తే నాలుగు పేజీలు కదా, 16 పేజీలంటే నాలుగు ఎ4 కాగితాలు, 1 పక్కన ప్రింటయ్యేది 16, 2 పక్కన 15, అలా. ఎదురెదురు పేజీలు ఒకే కాగితం మీద ఉండేది నడిమధ్య 8, 9 దగ్గర మాత్రమే, రెండు పేజీల పెద్ద ఫొటో వెయ్యాలంటే అక్కడే వెయ్యండి. ముందు రఫ్ కాగితాలతో డమ్మీ మడిచి, చిన్న ప్రింట్లు టేపుతో అంటించి ఓ వారం తిప్పుతూ ఉండండి. కంప్యూటర్లో చూసుకుంటే చాలదా అంటారు, స్క్రీన్ మీద అన్నీ ఒకేసారి కనిపిస్తుంటే ఇంక తిప్పేదేముంది.

మడతకి దాని బలం దానిదే. ఫొటోగ్రాఫర్ దయానితా సింగ్ 2008లో తెచ్చిన ‘సెంట్ ఎ లెటర్’లో ఏడు చిన్న మడత పుస్తకాలు ఒక పెట్టెలో ఉంటాయి, విప్పి అల్మారాలో నిలబెడితే ఇంట్లోనే ఎగ్జిబిషన్. ల్యాబ్ ప్రింట్లు ఒకవైపే ఉంటాయి కాబట్టి అంటించుకోడానికీ ఇదే సులువు. ఒక వీధి, ఒక కాలవ గట్టు లాంటి ఆగకుండా సాగే వరసైతే ఇంకేం ఆలోచించకుండా ఇదే చేయండి. కాకపోతే మధ్యలో ఒక్క పలక, అంటే రెండు మడతల మధ్య భాగం, తీసేస్తే దాని తర్వాత మడతలన్నీ తిరగబడతాయి, తీస్తే రెండు తీయాలి.

నేను రెండు ఫొటోలు తగ్గించి పన్నెండు పలకలతో చేశా, విప్పితే ఆరడుగుల దాకా వచ్చింది. పెద్దమ్మ చేతిలో పెడితే ఒళ్లోంచి జారి నేల మీద పరుచుకుంది, ఆవిడ చూపు నేరుగా చివరి ఫొటో మీద పడింది, ఖాళీ స్థలం, ఓ మూల పెంకుల కుప్ప. “అప్పుడే పడగొట్టేశారుటే” అంది. మిగతా పదకొండూ మర్యాదకి చూసింది.

అంచు కుట్టు, అదే జపనీస్ కుట్టు, గురించి కూడా అడుగుతున్నారు. విడి కాగితాలు కాబట్టి ఆఖరి నిమిషం దాకా వరస మార్చుకోవచ్చు, కానీ పూర్తిగా తెరుచుకోదు, ఫొటో అంచు కుట్టులోకి పోతుంది. నాకు నచ్చదు.

నేనైతే కుట్టుకే వెళ్లా. టైటిల్ పేజీ పీకేసి పేరు అట్ట మీదే రాసేశా, తలుపు మళ్లీ 5కి వచ్చింది.