ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్: ఏండ్ల తరబడి ఆడినంక రాస్తున్న సమీక్ష

తీర్పు ముందే చెప్పేస్తా: కొనొచ్చు. స్టీమ్‌లో (గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) సేల్ పడ్డప్పుడు కొంటే ఇంకా మంచిది, ఏడాదిలో చాలాసార్లే పడుతుంది. కాకపోతే హార్డ్ డిస్క్ మీద నడిచే పాత లాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్, టచ్‌ప్యాడ్, ఈ మూడూ పెట్టుకొని ర్యాంక్డ్ (ర్యాంకు కోసం ఆన్‌లైన్‌లో ఆడే మ్యాచ్‌లు) ఆడదామనుకునేవాళ్లు పైసలు దాచుకోండి. యూట్యూబ్ రివ్యూలు గేమ్ బొమ్మలు, రాజ్యాల గురించి ఎంతైనా చెప్తాయి. మే నెల నల్లగొండ ఎండలో, కరెంటు వచ్చిపోతుంటే అదే గేమ్ ఎట్ల నడుస్తుందో చెప్పవు. ఇక్కడ ఎక్కువ రాసేది దాని గురించే.

ముందుగాల "ఆర్టీఎస్‌లు ఇంకా బతికే ఉన్నాయా" అనే ప్రశ్న తెంపేద్దాం. ఆర్టీఎస్ అంటే ఊరు కట్టి, సరుకు కూడబెట్టి, సైన్యం తయారుచేసి, వంతులు లేకుండా అందరూ ఒకేసారి ఆడే యుద్ధం గేమ్, ఇదీ ఆ జాతిదే. బతికే ఉన్నాయి, పాతవాటి మీద బతుకుతున్నాయి. అసలు ఏజ్ 2 వచ్చింది 1999లో. డెఫినిటివ్ ఎడిషన్ 2019 నవంబర్‌లో 35 రాజ్యాలతో వచ్చింది. 2022లో భారతదేశం మీద ఒక ప్యాక్, 2023లో ఆర్మేనియన్లు, జార్జియన్లు, 2025లో త్రీ కింగ్‌డమ్స్ అనే చైనా ప్యాక్, ఇట్ల వస్తూనే ఉన్నాయి. పాతికేండ్లు దాటిన గేముకు ఇది మామూలు సంగతి కాదు. స్టార్‌క్రాఫ్ట్ 2 2010ది. 2017 నుంచి ఫ్రీ. పైసలు పెట్టి కొనే కొత్త సరుకు ఇక రాదని 2020లోనే చెప్పేశారు, అయినా ల్యాడర్‌లో (ర్యాంకుల పోటీలో) మ్యాచ్ దొరుకుతుంది. అదే కొత్తగా వచ్చినవాటి సంగతి చూడండి. వార్‌క్రాఫ్ట్ 3 రీఫోర్జ్‌డ్ 2020లో వచ్చి తిట్లు తిన్నది. స్టార్మ్‌గేట్ మీద ఆశలు ఆకాశంలో ఉండె, 2024లో బయటికి వచ్చినంక ఆడేటోళ్లు తొందరగానే జారిపోయారు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన టెంపెస్ట్ రైజింగ్ బాగుంది గాని అది పాత కమాండ్ అండ్ కాంకర్ రుచి కోసం చేసిన గేమ్.

జనం ఎటు పోయారంటే, సగం మందిని ఈ ఇంటి పిల్లలే తన్నుకుపోయారు. వార్‌క్రాఫ్ట్ 3లో అభిమానులు చేసిన మ్యాప్ నుంచి డోటా పుట్టింది. ఒక్క హీరోను చూసుకుంటే చాలు, తప్పు చేస్తే నలుగురి మీద తోసెయ్యొచ్చు. ఆర్టీఎస్‌లో వన్ వర్సెస్ వన్ ఓడితే తోసెయ్యడానికి ఎవరూ ఉండరు. ఇక మన దగ్గర నెట్ సెంటర్లు పోయినంక పోరగాళ్ల చేతికి నేరుగా ఫోనే వచ్చింది. ఫోన్ తెర మీద రెండు బొటనవేళ్లతో ఫ్రీ ఫైర్ ఆడొచ్చు గాని, నాలుగు దిక్కుల నలభై మంది విలేజర్లను (పని చేసే ఊరోళ్లను) తిప్పలేం.

ఇప్పుడు గేమ్ లోపలికి. చాలామంది కొత్తోళ్లు మొదటి వారంలోనే వదిలేస్తారు, కారణం యుద్ధం కాదు, మొదటి ఎనిమిది నిమిషాల లెక్క. ఆ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసుకుంటే గేమ్ సగం అర్థమవుతుంది.

మామూలు మ్యాచ్‌లో ముగ్గురు విలేజర్లు, ఒక స్కౌట్ (దారులు వెతికే గుర్రపు రౌతు), 200 ఫుడ్, 200 వుడ్, 100 గోల్డ్, 200 స్టోన్‌తో షురూ అవుతుంది. ఒక విలేజర్‌కు 50 ఫుడ్, తయారవడానికి 25 సెకన్లు. ఇది గేమ్ గడియారం. ర్యాంక్డ్ 1.7 రెట్ల వేగంతో నడుస్తుంది కాబట్టి మన గడియారంలో 15 సెకన్ల లోపే. 21 మంది విలేజర్లతో ఫ్యూడల్ ఏజ్ (రెండో యుగం) నొక్కాలంటే ఇంకా 18 మందిని తియ్యాలి: 18 ఇంటు 25, 450 సెకన్లు. మధ్యలో లూమ్ (విలేజర్లను గట్టిపరిచే అప్‌గ్రేడ్) ఇంకో 25. మొత్తం 475, అంటే 7 నిమిషాల 55 సెకన్లు. టౌన్ సెంటర్ (విలేజర్లు తయారయ్యే ఊరి నడిమి భవనం) ఒక్క క్షణం ఖాళీగా లేకపోతే వచ్చే టైమ్ ఇది. ఫ్యూడల్‌కు 130 సెకన్లు పడుతుంది, కాబట్టి 10:05కు పైకి చేరాలి. మీ గడియారం 11:20 చూపిస్తోందంటే టౌన్ సెంటర్ మూడు విలేజర్ల టైమ్ ఖాళీగా కూర్చున్నదని అర్థం. ఒక విలేజర్ నిమిషానికి అటూఇటూగా 20 ఫుడ్ తెస్తాడు, ఆ నష్టం గేమ్ అయిపోయేదాకా పెరుగుతూనే ఉంటుంది.

ఫుడ్ వైపు చూస్తే, 18 మందికి 900, ఏజ్‌కు 500, చేతిలో ఉన్న 200 తీసేస్తే 1,200 సంపాదించాలి. గొర్రెలు ఎనిమిది, ఒక్కోటి 100. అడవి పందులు రెండు, ఒక్కోటి 340. కోసిన మాంసం కుళ్లిపోతూ ఉంటుంది కాబట్టి గొర్రెలను ఒకదాని తర్వాత ఒకటే, అదీ టౌన్ సెంటర్ గోడ పక్కనే కొయ్యాలి. గొర్రెల మీదే ఆధారపడితే 1,200 రాదు, పందులు తేవాల్సిందే. ఇక్కడే కొత్తోళ్లు దెబ్బతింటారు. విలేజర్ ప్రాణం 25, పంది ఒక్కో పోటు 7, నాలుగు పోట్లకు మనిషి పోతాడు. లూమ్ వేస్తే ప్రాణం 40 అవుతుంది, కొంచెం కవచం కూడా వస్తుంది, ఏడో పోటు దాకా ఆగుతాడు. ఒక్కణ్ణి పంపి రెండు బాణాలు తగిలించి, వెనక్కి టౌన్ సెంటర్‌కు పరుగెత్తించాలి. వాడు చేరుతుండగానే గొర్రెల దగ్గర ఉన్నోళ్లందరినీ పంది మీదికి తిప్పాలి. వాళ్లను తిప్పడం మరిచి పంది తెచ్చినోణ్ణే చూస్తూ కూర్చుంటే ఇద్దరు పోతారు.

ఇల్లు 25 వుడ్, ఐదుగురికి చోటు, ఒక్కడు కడితే 25 సెకన్లు. అంటే ఒక విలేజర్ పుట్టేంత టైమ్. అందుకే చోటు ఇంకా ఇద్దరికి ఉందనగానే తర్వాతి ఇల్లు మొదలుపెట్టాలి. నిండినంక మొదలుపెడితే ఒక విలేజర్ పోయినట్టే లెక్క.

ఈ ఎడిషన్‌లో పాత సీడీ గేమ్‌కన్నా ఖచ్చితంగా మెరుగైనవి కొన్ని ఉన్నాయి. పొలం దానంతటదే మళ్లీ విత్తుకుంటుంది, పాత గేమ్‌లో సగం చిరాకు దానిదే. స్కౌట్‌ను ఆటోలో పెట్టొచ్చు. షిఫ్ట్ పట్టుకొని ఒక విలేజర్‌కు ఇల్లు, తర్వాత ఇంకో ఇల్లు, తర్వాత చెట్టు, అన్నీ వరుసగా చెప్పెయ్యొచ్చు. ఏ భవనంలో ఏం తయారవుతోందో పైన ఒక వరుసలో కనిపిస్తుంది. హెచ్ నొక్కితే టౌన్ సెంటర్, చుక్క మీట నొక్కితే ఖాళీగా నిలబడ్డ విలేజర్. ఈ రెండు మీటలు వేళ్లకు అలవాటైతే చాలు, మిగతావి మెల్లగా వస్తాయి. ఆర్ట్ ఆఫ్ వార్ అనే శిక్షణ మిషన్లు కూడా ఉన్నాయి. మొదటిది ఆర్థికం మీద. అందులో గోల్డ్ మెడల్ వచ్చేదాకా ర్యాంక్డ్ జోలికి పోకండి. కంప్యూటర్ ప్రత్యర్థి కూడా పాతదాని లెక్క ఉచితంగా సరుకు తీసుకొని మోసం చెయ్యదు, ఎక్స్‌ట్రీమ్ స్థాయిలో నిజంగానే లెక్కతో కొడుతుంది.

ఇక అసలు సంగతి, మెషీన్. ఆర్టీఎస్ నెట్‌వర్క్ షూటింగ్ గేమ్ లాగ పనిచెయ్యదు. ప్రతి ఆటగాడి కంప్యూటర్ మొత్తం యుద్ధాన్ని తనంతట తాను లెక్కగడుతుంది. నెట్ మీద పోయేది "ఈ నలభై మంది ఇక్కడికి నడవండి" అనే ఆజ్ఞలు మాత్రమే. అందుకే డేటా చాలా తక్కువ ఖర్చవుతుంది, ఇది మంచి మాట. చెడ్డ మాట ఏందంటే అన్ని కంప్యూటర్లు ఒకే అడుగులో నడవాలి, అందరికన్నా నెమ్మది మెషీన్ వేగమే అందరి వేగం. ఫోర్ వర్సెస్ ఫోర్‌లో ఎనిమిది మంది తలా 200 జనాభా నింపితే 1,600 ప్రాణులు. ఒక్కడి లాప్‌టాప్ వేడెక్కి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటే మిగతా ఏడుగురికీ గేమ్ నత్తనడక నడుస్తుంది, చాట్‌లో తిట్లు షురూ అవుతాయి.

44 డిగ్రీలు దాటే ఎండకాలంలో మధ్యాహ్నం పూట మన లాప్‌టాప్‌లకు జరిగేది సరిగ్గా ఇదే. మార్చి రాకముందే ఫ్యాన్ దుమ్ము తీయించండి, మనూళ్ల ఎర్ర దుమ్ము హీట్‌సింక్ రెక్కల నడుమ దుప్పటి లెక్క పరుచుకుంటుంది. లాప్‌టాప్ వెనుక భాగం రెండు వేళ్ల ఎత్తు లేపండి. చార్జర్ పెట్టే ఆడండి, బ్యాటరీ మీద చాలా లాప్‌టాప్‌లలో ప్రాసెసర్ వేగం తగ్గుతుంది. స్టీమ్‌లో విడిగా ఇచ్చే 4కే బొమ్మల ప్యాక్ ఫ్రీయే గాని మామూలు మెషీన్‌లో వెయ్యకండి. షాడోలు, బ్లూమ్, యాంటీ ఏలియాసింగ్ తీసేస్తే తేడా కనిపిస్తుంది. మోడ్స్ (ఆడేటోళ్లు చేసిన మార్పులు) మెనూలో చిన్న చెట్ల మోడ్ ఉంటుంది, చెట్ల వెనుక దాక్కున్న శత్రువు కనబడతాడు. పెద్ద ఆటగాళ్లు కూడా వాడతారు, చీటింగ్ ఏం కాదు. ఎస్‌ఎస్‌డీ లేకుంటే మ్యాప్ లోడ్ అయ్యేదాకా అందరూ మీ కోసమే ఎదురుచూస్తారు. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే వన్ వర్సెస్ వన్‌కు దిగులు లేదు. పెద్ద టీమ్ గేములకు 16 ఉండాలి.

కరెంటు మాట. ర్యాంక్డ్‌లో నడుమ లైన్ తెగితే మళ్లీ లోపలికి రానివ్వదు, ఓడినట్టే, ఈలో (Elo, ఆటగాడి స్థాయిని చూపే అంకె) పాయింట్లు పోతాయి. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కదా అనుకుంటారు, ఆగేది రౌటర్. ఫైబర్ లైన్ అయితే రౌటర్ మాత్రం బతికుంటే చాలాసార్లు నెట్ పోదు. రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ కొనండి, కొనేముందు అడాప్టర్ మీద రాసిన వోల్టేజ్ చూసుకోండి. చాలావాటికి 12 వోల్ట్‌లు, కొన్నిటికి 9. ఓఎన్‌టీ (ఫైబర్ వైరు వచ్చి కలిసే డబ్బా), రౌటర్ వేర్వేరు డబ్బాలైతే రెండింటికీ పెట్టాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉండి కూడా డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతుంటే, ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది, అది ఎటువైపు ఉందో చూడండి. మామూలు మోడ్‌లో మారే టైమ్ ఎక్కువ, ఫ్యాన్లకు తెలియదు, కంప్యూటర్ ఆగిపోతుంది. హాట్‌స్పాట్‌లో పింగ్ (సంకేతం పోయి వచ్చే టైమ్, మిల్లీసెకన్లలో) సగటు బాగానే కనిపిస్తుంది, కాని 50 నుంచి 300కు ఎగిరి దిగుతుంటుంది. ఆ ఎగురుడే చంపుతుంది. కేబుల్ గుంజగలిగితే కేబులే గుంజండి.

భారతదేశం ప్యాక్‌లో ద్రవిడియన్లు, బెంగాలీలు, గుర్జరులు ఉన్నారు. పాత ఇండియన్లు హిందుస్తానీలుగా మారారు. మనోళ్లు కొనంగనే ద్రవిడియన్లను ఎంచుకుంటారు, ఓడిపోతారు. ఏజ్ మారినప్పుడల్లా వచ్చే ఉచిత వుడ్, బరాక్స్ టెక్నాలజీలకు సగం ధర, ఈటెలు వేగంగా విసిరే స్కర్మిషర్లు, ఇవన్నీ నిజమే. కాని వాళ్లకు నైట్లు (బరువైన గుర్రపు యోధులు) లేరు. కొత్తోడి చేతిలో గెలిపించేది నైటే: 60 ఫుడ్, 75 గోల్డ్, తప్పులను గుర్రం వేగం కప్పేస్తుంది. మొదటి కొన్ని నెలలు ఫ్రాంకులతో ఆడండి. పొలం అప్‌గ్రేడ్లు ఫ్రీ, గుర్రపు దళానికి ప్రాణం 20 శాతం ఎక్కువ, కోటలు చవక. చోళ రాజేంద్రుడి క్యాంపెయిన్ బాగుంటుంది, అది మాత్రం వదలొద్దు. కాకతీయులకు క్యాంపెయిన్ లేదు, అది ఒక వెలితే. సినారియో ఎడిటర్ ఉంది కాబట్టి ఓపిక ఉన్నోళ్లు దేవరకొండ ఖిల్లాను, పద్మనాయకులను పెట్టి సొంతంగా చేసుకోవచ్చు.

లోపాలు లేవని కాదు. దళాలు ఇరుకు దారిలో ఒకరి మీద ఒకరు పడి తిరగడం ఆడేవాళ్లందరికీ తెలిసిన రోగం. ఒక అప్‌డేట్‌తో తగ్గుతుంది, ఇంకో అప్‌డేట్‌తో తిరగబెడుతుంది. 2025 ప్యాక్‌లో హీరోలను ర్యాంక్డ్‌లోకి తేవడం నాకు నచ్చలేదు, చాలామందికీ నచ్చలేదు. కొత్త ఖాతా 1000 ఈలో దగ్గర మొదలవుతుంది, నిజమైన కొత్తోడికి అది ఎక్కువ. మొదటి పది మ్యాచ్‌లలో ఏడెనిమిది ఓడడం మామూలే, 700, 800కు దిగినంక సమఉజ్జీలు దొరుకుతారు. సాయంత్రం పూట వన్ వర్సెస్ వన్ మ్యాచ్ నిమిషాల్లోనే దొరుకుతుంది. నచ్చని మ్యాప్ పడితే లోడ్ అవుతుండగానే పారిపోయేటోళ్లు మాత్రం తగ్గలేదు.

పైసలు పెట్టకుండా ఆర్టీఎస్ రుచి చూడాలంటే స్టార్‌క్రాఫ్ట్ 2 దించుకోండి, మొదటి క్యాంపెయిన్ ఫ్రీ, ర్యాంక్డ్ ఫ్రీ. మ్యాచ్ పది, పదిహేను నిమిషాల్లో తేలిపోతుంది గాని చేతులకు తీరిక ఉండదు. హాస్టల్‌లో నెట్ సరిగ్గా లేక నలుగురు ఒకే వైఫై మీద ఆడాలంటే 0 ఏ.డీ. సరిపోతుంది. ఓపెన్ సోర్స్, లినక్స్‌లో కూడా నడుస్తుంది, మౌర్యులు ఉన్నారు, యుద్ధం పెద్దదైతే మాత్రం నెమ్మదిస్తుంది. బియాండ్ ఆల్ రీజన్ కూడా ఫ్రీయే. ఎనిమిది మంది మీద ఎనిమిది మంది ట్యాంకులతో ఆడే గేమ్, మంచి ప్రాసెసర్ లేకుంటే ముట్టుకోవద్దు. ఏజ్ 4 బొమ్మలు అందంగా ఉంటాయి, నేర్చుకోవడం ఏజ్ 2కన్నా తేలిక, 8 జీబీ ర్యామ్ కనీసం కావాలి. నాకైతే అందులో బాణం తగిలిన బరువు తెలియదు.

కొనే వరుస: మొదట బేస్ గేమ్ ఒక్కటే. అందులోని రాజ్యాలే ఏడాదికి సరిపోతాయి, ప్యాక్ కొననోళ్లు కొన్నోళ్లతో ఆడడానికి అడ్డేం లేదు. తర్వాత భారతదేశం ప్యాక్. చైనా ప్యాక్ సేల్‌లో అయితేనే. గేమ్ పాస్ (మైక్రోసాఫ్ట్ గేముల చందా) ఇప్పటికే కడుతున్నోళ్లు స్టీమ్‌లో మళ్లీ కొనక్కర్లేదు, ముందు అక్కడ ఆడి చూడండి. మిగిలిన పైసలతో వైరు ఉన్న మౌస్ ఒకటి, రౌటర్ యూపీఎస్ ఒకటి తెచ్చుకోండి.