సైక్లోస్పోరినా, టాక్రోలిమసా: కిడ్నీ మార్పిడి తర్వాత ఏది మేలు?

కొత్త కిడ్నీని శరీరం పరాయిదిగానే చూస్తుంది, దాడికి దిగుతుంది. ఆ దాడిని అణచి ఉంచే మందుల్లో ముఖ్యమైనవి ఈ రెండు. రెండూ మట్టిలోనే దొరికాయి. సైక్లోస్పోరిన్ నార్వే మట్టిలోని ఒక శిలీంధ్రం నుంచి వచ్చింది. టాక్రోలిమస్‌ను 1984లో జపాన్‌లోని సుకుబా మట్టి బ్యాక్టీరియా నుంచి తీశారు. రెండూ చివరికి అడ్డుకునేది కాల్సిన్యూరిన్ అనే ఎంజైమునే కాబట్టి, రెండింటినీ కలిపి వాడరు. ఒకదాన్ని ఎంచుకోవాల్సిందే.

కొత్తగా మార్పిడి జరిగినవారికి నా ఓటు టాక్రోలిమస్‌కే. 2007లో వెలువడిన సింఫనీ అధ్యయనం 1,645 మందిని నాలుగు రకాల చికిత్సలతో పోల్చింది. వారిలో తక్కువ మోతాదు టాక్రోలిమస్ వాడినవారి కిడ్నీలే బాగా పనిచేశాయి. శరీరం కొత్త కిడ్నీని ఒప్పుకోక దాడిచేయడం, అంటే తిరస్కరణ, కూడా వారిలోనే తక్కువ.

అయితే మధుమేహం కొత్తగా తగులుకోవడం మాత్రం టాక్రోలిమస్‌తోనే ఎక్కువ. చేతులు వణుకుతాయి, కొందరికి సంతకం కూడా కుదరదు. జుట్టు పలచబడుతుంది. సైక్లోస్పోరిన్ దీనికి తిరగబడ్డ రకం: ముఖం మీద, చేతుల మీద వెంట్రుకలు దట్టంగా మొలుస్తాయి, చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి వస్తాయి. రక్తపోటు, కొలెస్ట్రాల్ కూడా ఎక్కువగా పెరుగుతాయి. అందానికి సంబంధించిన చిన్న సంగతే కదా అని కొట్టిపారేసేవారితో నాకు పేచీ ఉంది. అద్దంలో ముఖం చూసుకోలేక మాత్రలు మానేస్తే, పోయేది కిడ్నీ. మరోవైపు, టాక్రోలిమస్‌తో చక్కెర అదుపు తప్పినవారిని వైద్యులు సైక్లోస్పోరిన్‌కు మార్చడమూ ఉంది. మోతాదు మించితే కిడ్నీనే దెబ్బతీయడంలో మాత్రం రెండూ రెండే.

అందుకే రక్తంలో మందు ఎంతుందో చూసే లెవెల్ పరీక్ష అంత ముఖ్యం. రెండు పూటలా వేసుకునే టాక్రోలిమస్‌కైతే రక్తం ఇవ్వాల్సింది ఉదయం మాత్ర వేసుకోకముందు, అంటే రాత్రి మాత్ర పడిన 12 గంటలకు. అలవాటు కొద్దీ మాత్ర మింగేసి వెళితే లెవెల్ ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని నమ్మి మోతాదు తగ్గిస్తే తిరస్కరణకు దారి తెరిచినట్టే. పొరపాటున వేసుకుంటే రక్తం తీసేవారికి ఆ మాట చెప్పేయాలి. సైక్లోస్పోరిన్‌కు కొన్నిచోట్ల మాత్ర వేసుకున్న 2 గంటలకు కూడా రక్తం తీస్తారు.

విరేచనాలు పట్టుకుంటే మందు ఒంటికి పట్టదనుకుంటాం, కానీ టాక్రోలిమస్ లెవెల్ అప్పుడు పెరుగుతుంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్, ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు, గ్రేప్‌ఫ్రూట్ పండు రెండు మందుల లెవెళ్లనూ పెంచుతాయి. టీబీ మందు రిఫాంపిసిన్, మూర్ఛ మందు ఫెనిటోయిన్ దించేస్తాయి. నొప్పికి సొంతంగా ఐబుప్రొఫెన్ వేసుకోవడం ఏ మందు వాడేవారికీ తగదు.

టాక్రోలిమస్‌లో రోజుకు ఒక్కసారి వేసుకునే రకం కూడా ఉంది. మరిచిపోయేవారికి అది నయం. కానీ రెండు పూటల మాత్రకు బదులుగా దాన్ని మీరే మార్చుకోకూడదు. డాక్టరు మార్చినా కొద్ది రోజుల్లోనే లెవెల్ మళ్లీ చూపించుకోవాలి.